పాసు కొనేముందు పాదాలు చూసుకోండి

కిందటి వేసవిలో తణుకు దగ్గర ఒక పల్లెటూరి నుంచి రిటైర్డు మాస్టారు ఒకాయన భార్యను వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. ఆయనకు అరవై ఆరేళ్ళు. పన్నెండేళ్ళుగా చక్కెరజబ్బు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, కొద్దిపాటి రక్తపోటు.

"అబ్బాయి జర్మనీలో ఉన్నాడండీ. రమ్మని ఒకటే గొడవ. రైలు పాసు కొంటాట్ట. పన్నెండు రోజుల్లో తొమ్మిది ఊళ్ళు చూపిస్తాట్ట. ఈయనకు బలానికి ఏదైనా టానిక్కు రాసివ్వండి" అని అడిగింది ఆవిడ.

నేను టానిక్కు రాయలేదు. మాస్టారిని చెప్పులు విప్పమన్నాను. కుడి బొటనవేలి కింద చర్మం చెప్పు తోలులా గట్టిపడి ఉంది. కళ్ళు మూసుకోమని దూదితో వేళ్ళ చివర్లు తాకాను. "ఏమైనా తెలిసిందా?" అంటే, "మీరింకా మొదలుపెట్టలేదు కదండీ" అన్నారు.

ఆ మాట వినగానే నాకు ఇంకొకాయన గుర్తుకొచ్చారు. ఆయనా ఇలాగే కొత్త బూట్లు తొడుక్కుని విదేశాలు చూసి వచ్చారు. మడమ మీద లేచిన పొక్కు నొప్పి తెలియలేదు. తెలియలేదు కనుక నడుస్తూనే ఉన్నారు. ఇంటికొచ్చేసరికి అది పుండయింది. మానడానికి మూడు నెలలు పట్టింది. కాలు దక్కింది, అదే అదృష్టం.

మన గోదావరి జిల్లాల్లో ఇప్పుడు పిల్లలు విదేశాల్లో లేని వీధి అరుదు. తల్లిదండ్రులు వెళ్ళడమూ మామూలయింది. వీసాకు ఏ కాగితాలు కావాలో, ఏ పాసు చవకో పదిమందినీ అడుగుతారు. తమ కాళ్ళను మాత్రం అడగరు. అందుకే ఈ వారం మందుల సంగతి పక్కనపెట్టి రైళ్ళ సంగతి చెబుతాను. చదివాక ఇది కూడా వైద్యమేనని మీరే అంటారు.

పంచారామాల పాఠం

కార్తీకమాసంలో పంచారామాలు ఒక్కరోజులో చూపించే బస్సులు మీకు తెలిసినవే. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామ, సామర్లకోట. తెల్లవారకముందే బయల్దేరి అర్ధరాత్రికి ఇల్లు చేరతారు. మర్నాడు పొద్దున్న అడగండి, ఏ గుడిలో లింగం రెండంతస్తుల ఎత్తుందో సగంమందికి గుర్తుండదు. బస్సు దిగిన చోటల్లా పట్టుకున్న పిక్కలు మాత్రం వారం రోజులు గుర్తుంటాయి. దేవుడి దర్శనం కనుక అది పుణ్యం ఖాతాలో పడుతుంది. పారిస్, రోము, వియన్నా కూడా అలాగే చూస్తే ఏ ఖాతాలో వేసుకుంటారు?

రైలు పాసుతో వచ్చే చిక్కే ఇది. డబ్బు ముందే కట్టేశాం కనుక ఎంత ఎక్కువ తిరిగితే అంత గిట్టుబాటు అనిపిస్తుంది. భోజన హోటల్లో ఫుల్ మీల్సు టిక్కెట్టు కొన్నవాడు డబ్బు రాబట్టాలని కడుపు పగిలేలా తినడం లాంటిదే ఇదీ. రోజూ రైలెక్కడానికి పాసు అనుమతి ఇస్తుంది. శరీరం ఇవ్వదు.

ఏ పాసు ఎవరికి?

యూరప్ బయట నివసించేవారికి అమ్మే పాసు పేరు యూరేల్. 1959లో మొదలైంది. ఇప్పుడు దీని గ్లోబల్ పాసు 33 దేశాల్లో చెల్లుతుంది. యూరప్‌లోనే నివాసం ఉండేవారికి ఇచ్చేది ఇంటర్‌రేల్. ఇది 1972 నాటిది. కనుక జర్మనీలో ఉద్యోగం చేసే మీ అబ్బాయి ఇంటర్‌రేల్ తీసుకోవాలి, మీరు యూరేల్ తీసుకోవాలి. అందరికీ కలిపి ఒకే రకం కొంటే చిక్కే. అబ్బాయి పాసుతో ఇంకో సంగతి ఉంది. తానుండే దేశంలో ఆ పాసు మీద బయటికి పోవడానికి ఒకసారి, తిరిగి రావడానికి ఒకసారి మాత్రమే ప్రయాణం చేయవచ్చు.

పాసులు రెండు విధాలు. మొదటిది వరసగా రోజులు లెక్కపెట్టేది. పదిహేను రోజులకో, ఇరవై రెండు రోజులకో, నెల లేదా అంతకుమించో కొంటే, మీరు రైలెక్కినా ఎక్కకపోయినా రోజులు కరిగిపోతూనే ఉంటాయి. రెండోది విడి రోజులది. ఒక నెల గడువులో మీకు ఇష్టమైన నాలుగు, ఐదు లేక ఏడు రోజులు. రెండు నెలల గడువులోనైతే పది లేక పదిహేను రోజులు. ఎంచుకున్న రోజున ఎన్ని రైళ్ళయినా ఎక్కవచ్చు. మిగతా రోజుల్లో పాసు ఖర్చు కాదు.

అరవై దాటిన దంపతులకు నా సలహా రెండోదే. అందులోనూ చిన్నది. నాలుగైదు ప్రయాణపు రోజులు నెల పొడవునా పరుచుకుంటే, ఒక్కో ప్రయాణం తర్వాత ఐదారు రోజుల విశ్రాంతి దొరుకుతుంది. జ్వరమొచ్చినా, కాలు నొప్పి పెట్టినా "అయ్యో, పాసు వృథా అయిపోతోందే" అనే బెంగ ఉండదు. ఆ బెంగ వల్ల జ్వరంతోనే రైలెక్కిన వాళ్ళను నేను చూశాను. అరవై నిండినవారికి యూరేల్‌లో పది శాతం తగ్గింపు ఉంది. పన్నెండేళ్ళలోపు మనవలుంటే, ఒక్కో పెద్దవారి వెంట ఇద్దరికి ఉచితం.

స్విట్జర్లాండు ఒక్కటే చూడాలనుకుంటే ఆ దేశానికి వేరే ట్రావెల్ పాసు ఉంది. వరసగా మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది, పదిహేను రోజులకు ఇస్తారు. దాంతో రైళ్ళు, బస్సులు, సరస్సుల మీద పడవలు కూడా ఎక్కవచ్చు. మోకాళ్ళ నొప్పులవారికి ఆ పడవ గొప్ప సదుపాయం. కూర్చుని కొండలు చూడవచ్చు. ఇక ఒకటి రెండు ఊళ్ళకే వెళ్ళేవారు అసలు పాసే కొననక్కరలేదు. ముందుగా కొన్న విడి టిక్కెట్లు చవకగా పడవచ్చు. రెండు లెక్కలూ కాగితం మీద వేసి చూసుకోండి.

మూడు జాగ్రత్తలు మరువకండి. ఒకటి, పాసు ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు. ఫ్రాన్సులోని టి.జి.వి. బళ్ళకు, ఇటలీలోని వేగపు బళ్ళకు, లండన్ వెళ్ళే యూరోస్టార్‌కు, రాత్రి బళ్ళకు రిజర్వేషను విడిగా చేయించి విడిగా డబ్బు కట్టాలి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండుల్లో చాలా బళ్ళకు అక్కరలేదు. అయినా పెద్దవారు చేయించుకోవడమే మంచిది. నిలబడి వెళ్ళే వయసు కాదు మనది. రెండు, పాసు చెల్లే దేశాలన్నిటికీ మీ వీసా చెల్లదు. షెంగెన్ వీసాతో బ్రిటన్ వెళ్ళలేరు. మూడు, పాసు సెల్‌ఫోనులో ఉంటుంది. ఫోను చార్జింగు అయిపోతే పాసూ చీకట్లోకి పోతుంది.

ముందు మన గోదావరి మీద పరీక్ష

ఎన్ని రోజుల పాసు కొనాలో మీకు నేను చెప్పలేను, మీ అబ్బాయీ చెప్పలేడు. మన లంకల్లో మూడు రోజులు తిరిగి వస్తే మీకే తెలుస్తుంది. నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య పెట్టుకోండి. ఎండా ఉండదు, వరదా ఉండదు.

మొదటిరోజు రాజమండ్రి స్టేషన్లో మొదలుపెట్టండి. కూలీని పిలవకండి. మీరు యూరప్ తీసుకెళ్ళబోయే పెట్టెనే, అదే బరువుతో తీసుకురండి. ఎస్కలేటరు, లిఫ్టు ఉన్నా వాటి జోలికి పోకుండా వంతెన మెట్లెక్కి అవతలి ప్లాట్‌ఫారం మీద దిగండి. ఆ దేశాల్లో ఎర్రచొక్కా కూలీలు ఎదురురారు. చిన్న స్టేషన్లలో బండి రెండు మూడు నిమిషాలకంటె ఆగదు. చాలా పెట్టెలకు మెట్లుంటాయి. మీ పెట్టె మీరు మూడు మెట్లు ఎత్తలేకపోతే అది పెట్టె తప్పు, మీ తప్పు కాదు. సగం బట్టలు ఇంట్లో వదిలేయండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీ బిగిసినట్టు, దవడ లాగినట్టు ఉన్నా, మామూలుకంటె ఎక్కువ ఆయాసం వచ్చినా ప్రయాణం మాట ఆపి వెంటనే డాక్టరుకు చూపించుకోండి. గుండెజబ్బు స్విట్జర్లాండు కొండ మీద బయటపడడంకంటె రాజమండ్రి మెట్ల మీద బయటపడడం మేలు.

బండి గోదావరి దాటుతుంటే పక్కకు చూడండి. 1900 నుంచి రైళ్ళను మోసిన హేవలాక్ వంతెన కనబడుతుంది. 1997లో దానికి విశ్రాంతి ఇచ్చారు. ఇనుముకే అలుపు లెక్కగట్టి విశ్రాంతి ఇచ్చిన ఇంజనీర్లున్న ఊరు మనది. ఎముకలకు అంతకంటె తక్కువ మర్యాద చేయకూడదు.

కొవ్వూరు దాటి నిడదవోలు. అక్కడో భీమవరంలోనో బండి మారవలసి వస్తే సంతోషంగా మారండి. అదీ పరీక్షే. దిగి, మెట్లెక్కి, ప్లాట్‌ఫారం నంబరు వెతికి, మళ్ళీ ఎక్కడానికి మీకు ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. యూరప్ టైమ్‌టేబుల్ ఏడు నిమిషాల్లో బండి మారమని చెబుతుంది. అది పాతికేళ్ళ కుర్రాడికి. మీకు ఇరవై పట్టిందా? అయితే అక్కడ అరగంటకు తక్కువ వ్యవధి ఉన్న బండి ఎంచుకోకండి.

తణుకు, అత్తిలి మీదుగా వరిచేలు, కొబ్బరిచెట్లు; భీమవరం దగ్గరపడేసరికి చేపల చెరువులు. ఆ రాత్రి భీమవరంలో బస చేయండి. మర్నాడు పాలకొల్లు మీదుగా నరసాపురం. పట్టాలు అక్కడితో సరి. వశిష్ట గోదావరి మీద పంటు ఎక్కి సఖినేటిపల్లి చేరి, అంతర్వేది నరసింహస్వామిని దర్శించుకుని, బస్సులో రాజోలు మీదుగా అమలాపురం వచ్చి పడుకోండి. కోనసీమకు ఇంకా రైలు రాలేదు. కాకినాడ నుంచి కోటిపల్లికి ఉన్న పట్టాలను రెండో ప్రపంచయుద్ధ కాలంలో పీకేస్తే మళ్ళీ 2004లో గాని వేయలేదు. అక్కడి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా వేయవలసిన లైను ఇంకా పూర్తికావలసే ఉంది. మూడోరోజు రావులపాలెం మీదుగా బస్సులో రాజమండ్రి.

ఇప్పుడు అసలు పరీక్ష. నాలుగోరోజు పొద్దున్న లేచినప్పుడు మీ ఒళ్ళెలా ఉంది? మామూలుగా లేచి కాఫీ తాగి పూలమొక్కలకు నీళ్ళు పోశారా? వరసగా మూడు రోజుల ప్రయాణం మీకు పడుతుంది. ఒకపూట పడుకున్నారా? ప్రయాణానికీ ప్రయాణానికీ మధ్య రెండు రోజులు ఉంచుకోండి. రెండు రోజులు లేవలేకపోయారా? ఒకే ఊళ్ళో ఉండి, చుట్టుపక్కల చూసి రండి. మీ పాసు ఏదో ఇప్పుడు తేలిపోయింది. దీనికి ఖర్చు కొద్దిపాటి టిక్కెట్టు డబ్బులే.

బయల్దేరడానికి ఆరువారాల ముందునుంచి రోజూ గోదావరి గట్టు మీదో, కాలవగట్టు మీదో నడక మొదలుపెట్టండి. ఇరవై నిమిషాలతో ప్రారంభించి గంట దాకా పెంచండి. యూరప్‌లో తొడుక్కోబోయే బూట్లే తొడుక్కుని నడవండి. కొత్త బూట్లు విమానంలో మొదటిసారి తొడగడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

మందుల సంచీ

మందులన్నీ చేతిసంచీలోనే ఉండాలి. ప్రయాణానికి సరిపడా, పైన ఇంకో పదిరోజులకు ఎక్కువగా తీసుకెళ్ళండి. డాక్టరు చీటీలో మందుల అసలు పేర్లు, అంటే కంపెనీ పేర్లు కాకుండా రసాయన నామాలు, ఇంగ్లీషులో టైపు చేయించుకోండి. మన దగ్గరి కంపెనీ పేరు అక్కడి మందుల షాపువాడికి తెలియదు. నిద్రమాత్రలు, ఘాటైన నొప్పిమాత్రలు వాడేవారు డాక్టరు సర్టిఫికెట్టు తప్పకుండా వెంట ఉంచుకోండి.

ఇన్సులిను విమానం అడుగున వేసే పెట్టెలో పెట్టకండి. అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిను కరిగినా పనికిరాదు. గంటల తేడా కూడా గమనించండి. వేసవిలో జర్మనీ మనకంటె మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. వెళ్ళేటప్పుడు మీ రోజు అంతమేర సాగుతుంది. వచ్చేటప్పుడు కుదించుకుపోతుంది. కుదించుకుపోయిన రోజున మామూలు మోతాదే వేసుకుంటే చక్కెర పడిపోవచ్చు. మోతాదు, వేళలు ముందే మీ డాక్టరు చేత రాయించుకోండి. జేబులో గ్లూకోజు బిళ్ళలో, నాలుగు చెంచాల పంచదార పొట్లమో ఎప్పుడూ ఉండాలి. చెమటలు, వణుకు, కంగారు కలిగితే ముందు నోట్లో వేసుకోండి, తర్వాత ఆలోచించండి.

షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్యబీమా ఉండాలి. పాలసీ తీసుకునేటప్పుడు మీకున్న జబ్బులు దాచకండి. దాస్తే అవసరమైన రోజున ఆ కాగితం విసనకర్రకు తప్ప పనికిరాదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఎక్కడైనా అత్యవసరమైతే ఫోను నంబరు 112.

నెయ్యి, కోవా వంటి పాల పదార్థాలు, మాంసపు పచ్చళ్ళు సంచీలో పెట్టకండి. ఆ దేశాల్లోకి రానివ్వరు. ఆవకాయ సంగతి అంటారా? రక్తపోటు ఉన్నవారికి ఇక్కడ ఎంత చెడుపో అక్కడా అంతే. రొట్టె చప్పగా ఉందని సీసా ఖాళీ చేయకండి.

రైల్లో కూర్చున్నాక

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే పిక్కల నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. అది విమానమైనా, రైలైనా, బస్సైనా ఒకటే. గంటకొకసారి లేచి పెట్టె ఆ చివరిదాకా నడిచి రండి. లేవలేనప్పుడు మడమలు నేలకు ఆనించి వేళ్ళు పైకి, వేళ్ళు ఆనించి మడమలు పైకి, ఇరవైసార్లు ఆడించండి. పాతకాలపు కుట్టుమిషను తొక్కినట్టు. మన ఆడవాళ్ళు మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తుందని నీళ్ళు మానేస్తారు. అది తప్పు. రైళ్ళలో మరుగుదొడ్లుంటాయి. స్టేషన్లలో చాలాచోట్ల డబ్బు తీసుకుంటారు, చిల్లర దగ్గరుంచుకోండి. ఒక కాలే వాచి పిక్క నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా ఆసుపత్రికి వెళ్ళవలసిందే. ఇదివరకు రక్తం గడ్డకట్టినవారు, ఈమధ్యే ఆపరేషను అయినవారు బయల్దేరకముందే సలహా తీసుకోండి. ఎవరో చెప్పారని ఆస్పిరిను మింగకండి.

రాత్రి బండిలో కింది బెర్తు అడిగి తీసుకోండి. నడవలేనివారికి బండి ఎక్కించి దించే సహాయం యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఉచితం. ఇరవైనాలుగు గంటల ముందు తెలియజేయాలి. అడగడానికి నామోషీ పడకండి.

ఇంకొక్క మాట. స్విట్జర్లాండు వెళ్ళిన వారందరూ యుంగ్‌ఫ్రావ్‌యోక్ అనే మంచుకొండ స్టేషనుకు వెళ్ళాలనుకుంటారు. 1912లో కట్టినది, యూరప్‌లోకెల్లా ఎత్తయిన రైల్వే స్టేషను, 3,454 మీటర్లు. మనం పుట్టి పెరిగింది సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున. అంత పైన గాలిలో మనకందే ఆక్సిజన్ ఇక్కడి దానిలో మూడింట రెండు వంతులే. గుండెజబ్బు, ఆస్తమా, బాగా రక్తహీనత ఉన్నవారు డాక్టరును అడగనిదే వెళ్ళకండి. వెళ్ళినవారు నెమ్మదిగా అడుగులు వేయండి. తలనొప్పి, వికారం, ఆయాసం వస్తే ఫొటోలు మానేసి తర్వాతి బండికి దిగిపోండి.

మాస్టారి ప్రయాణం

మాస్టారి ప్రయాణం ఏమయిందని అడుగుతారని తెలుసు. గట్టిపడ్డ చర్మాన్ని తీయించి, మెత్తని అట్ట ఉన్న బూట్లు చేయించుకున్నారు. చక్కెర అదుపులోకి తెచ్చుకున్నారు. నేను చెప్పిన మూడురోజుల పరీక్షకు వెళ్ళి, నాలుగోరోజు సాయంత్రం దాకా మంచం దిగలేదు. కొడుక్కి ఆ మాటే రాశారు. కొడుకు తెలివైనవాడు. తొమ్మిది ఊళ్ళు మూడయ్యాయి. పన్నెండు రోజులు నెలయింది. తల్లిదండ్రులకు ఐదు రోజుల యూరేల్ పాసు కొన్నాడు. అందులో ఒకరోజు వాడనేలేదట. ఆవిడకు మోకాలు పట్టేస్తే ఆ పూట పడవలో సరస్సు చూశారట.

తిరిగి వచ్చాక ఇద్దరూ కలిసి వచ్చారు. "ఒకరోజు పాసు మిగిలిపోయిందండీ" అన్నారు మాస్టారు కాస్త నొచ్చుకుంటూ. నేను బూట్లు విప్పమన్నాను. పాదాలు రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా గీత లేదు.

మిగలవలసింది ఇదేనని చెప్పాను. మీరు వెళ్ళినా రోజూ రాత్రి పడుకోబోయేముందు పాదాలు కడిగి, తుడిచి, అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. కళ్ళు సరిగా కనబడకపోతే ఒకరి పాదాలు ఒకరు చూడండి. పెళ్ళినాడు ఏడడుగులు కలిసి వేసినవాళ్ళకు అది పెద్ద పని కాదు.